పేజీ నంబర్లు వేసిన ఒప్పుకోలు పుస్తకం

1979 జూన్ రెండో వారంలో నన్ను తూర్పు గోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయడం లేదు. రావులపాలెంలో బస్సు మారి, కాలువ గట్టు వెంట ముప్పావు గంట పోతే వస్తుందని మాత్రం చెబుతాను. అప్పటి వాళ్ళు కొందరు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ గురించి నేను రాయబోయేది వాళ్ళకు నచ్చదు. నా గురించి రాయబోయేది నాకూ నచ్చదు, కానీ దాన్ని దాటవేస్తే ఇక ఈ జ్ఞాపకాలు రాయడమెందుకు?

హెడ్మాస్టరు మారినప్పుడు పాతాయన కొత్తాయనకు ఛార్జి అప్పగించాలి. బెంచీలు, మ్యాపులు, గోడ గడియారం, ఇత్తడి గంట, బీరువాలు అన్నీ జాబితా రాసి, ఒక్కొక్కటీ చూపించి, ఇద్దరూ కింద సంతకాలు పెట్టాలి. ఆ జాబితాలో ఒకచోట 'బెత్తములు: నాలుగు' అని ఉంది. నేను తలెత్తి చూశాను. పాతాయన బీరువా తీసి నాలుగూ బల్ల మీద పెట్టారు. "ఇవి లేకపోతే ఈ బడి ఒక్క పూట నడవదండి. నాలుగోది కొసన చీలింది, మార్పించుకోండి," అని సలహా కూడా ఇచ్చారు. నేను సంతకం పెట్టాను.

ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. తరగతి గదుల కిటికీ ఊచలు బయటివైపుకు వంగి ఉన్నాయి. ఎందుకని అడిగితే, పబ్లిక్ పరీక్షలప్పుడు చీటీలు అందించడానికి వీలుగా వంచారని అటెండరు మామూలుగా చెప్పాడు. పదో తరగతి వెనక బెంచీ కింద బీడీ ముక్కలు. మధ్యాహ్నం గంట కొట్టాక సగం మంది తిరిగి రారు. కొందరు టూరింగు టాకీసుకు, కొందరు ఊడ్పుల కాలమైతే పొలాలకు. ఉపాధ్యాయులు కొట్టీ కొట్టీ విసిగిపోయారు, పిల్లలు తినీ తినీ రాటుదేలిపోయారు. ఎవరికీ ఎవరి మీదా కోపం కూడా మిగల్లేదు.

నా గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. బి.ఇడి. చదవకముందు రెండేళ్ళు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. కాగితం మీద ఎక్కనిది జరగనట్టే అనే నమ్మకం అక్కడ పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. నా భార్య పాల లెక్కకు పెట్టుకున్న చిన్న పుస్తకానికి కూడా నేను అట్టవేసి పేరు రాసిచ్చిన మనిషిని. ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. ఈ కథంతా ఈ అలవాటు మీదే నడిచింది.

జులైలో ఊరి పెద్దలతో, తల్లిదండ్రులతో సమావేశం పెట్టాను. బెత్తం లేకుండా బడి నడుపుదామని, అందుకు పిల్లలూ ఉపాధ్యాయులూ కలిసి కొన్ని నియమాలు రాసుకుందామని, వాటికి ఊరు కూడా కట్టుబడాలని చెప్పాను. తెలుగు పండితులు గారు నియమాలను ముందు గ్రాంథికంలో రాసి తెచ్చారు. డ్రిల్లు మాస్టారు రెండో వాక్యం దగ్గరే ఆపి, "ఇది నాకే అర్థం కాలేదండి పంతులుగారూ," అన్నారు. చివరికి ఆరో తరగతి వాడికి కూడా తెలిసే మాటల్లో ఏడు నియమాలు తేలాయి. వేళకు రావాలి, అడగకుండా తీసుకోకూడదు, చూసి రాయకూడదు, ఇలాంటివే. కొత్తవేమీ కావు. నల్ల బోర్డు మీద తెల్ల రంగుతో రాయించి వరండాలో తగిలించాం.

ఊరు సాయం చేసింది. ఆ మాట ఒప్పుకోవాలి. బడి ఎదురుగా కిరాణా కొట్టు నడిపే సుబ్బారావు గారు నిక్కరేసుకున్నవాడికి బీడీలు అమ్మనని మాటిచ్చారు. "నాన్న తెమ్మన్నాడంటారండి, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. "నాన్ననే రమ్మనండి," అన్నాను. టూరింగు టాకీసు ఆసామి బడి వేళల్లో పిల్లలకు టికెట్టు ఇవ్వనన్నాడు, కొన్నాళ్ళు ఇవ్వలేదు కూడా. రైతులు ఊడ్పులకు పిల్లల్ని పిలవాల్సి వస్తే ముందు రోజే చీటీ రాసి పంపుతామన్నారు. కమ్మరి వచ్చి కిటికీ ఊచలు సరిచేసి ఏమీ పుచ్చుకోలేదు.

వీళ్ళందరికీ ముందు నిలబడ్డది పాఠశాల కమిటీ ప్రెసిడెంటు గారు. కొబ్బరి తోటలు, అరటి తోటలు ఉన్న పెద్ద రైతు. మాట మెత్తన, నవ్వు ముఖం. అంతకు రెండేళ్ళ ముందు వాళ్ళ నాన్నగారి పేరు మీద బడికి ఒక మైక్రోస్కోపు ఇచ్చారు. ఆ చుట్టుపక్కల ఏ బడిలోనూ అలాంటిది లేదు. దాని చెక్కపెట్టె మీద ఇత్తడి రేకు కొట్టి, దాని మీద ఆ పెద్దాయన పేరు చెక్కించారు. సమావేశంలో ఆయన లేచి, "మాస్టారు ఎలా చెబితే అలాగేనండి, మా ఇంటి పిల్లలైనా సరే," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఏడో నియమం నాది. తప్పు చేసినవాడు ఎవరూ అడక్కముందే, సాయంత్రం గంట లోపల, ఆఫీసు గదిలో ఉన్న పుస్తకంలో తన చేత్తో తానే రాయాలి. ఏం చేశాడో ఒక వాక్యం, దాన్ని ఎలా సరిదిద్దుకుంటాడో ఇంకో వాక్యం. కింద పేరు, తరగతి. రాసినవాడికి శిక్ష ఉండదు. ఇంటికి కబురు వెళ్ళదు. పుస్తకం నా బీరువా దాటి బయటికి పోదు. ఇది ప్రార్థన దగ్గర పిల్లలందరి ముందూ నిలబడి నేను ఇచ్చిన మాట. పిల్లలు దానికి ఒప్పుకోలు పుస్తకం అని పేరు పెట్టారు.

ఇక నా అలవాటు సంగతి. ప్రభుత్వ కార్యాలయంలో ఏ రిజిస్టరైనా మొదలుపెట్టే ముందు ప్రతి పేజీకీ వరసగా నంబరు వేసి, మొదటి పేజీలో 'ఇందు ఇన్ని పేజీలు గలవు' అని ధ్రువీకరించి, అధికారి సంతకం పెట్టి గుండ్రటి ముద్ర వేయాలి. మధ్యలో పేజీ చింపడానికి వీలు లేకుండా చేసిన ఏర్పాటది. నేను ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఆ పుస్తకానికి ఎర్ర సిరాతో నంబర్లు వేశాను. నూట తొంభై రెండు పేజీలు. సంతకం, ముద్ర, తేదీ. ముద్ర చక్కగా పడిందని ఆరేదాకా ఊదుతూ కూర్చోవడం కూడా గుర్తుంది.

మా ఫస్ట్ అసిస్టెంటు, అంటే హెడ్మాస్టరు తర్వాత అందరిలోకీ సీనియరు, వెంకటరత్నం గారు. సైన్సు చెప్పేవారు. సైన్సు గది తాళం ఆయన దగ్గరే ఉండేది. సోమవారం పొద్దున్న ఆ పుస్తకం తిరగేసి, "పిల్లలు మనసులో మాట రాసుకునేదానికి పేజీ నంబర్లు ఎందుకండి? ముద్ర కూడా వేశారేంటి?" అన్నారు. "ఎవరూ చింపకుండా ఉండాలి కదండీ," అన్నాను. "చింపుకుంటే చింపుకోనివ్వండి. ఏమైంది?" అన్నారాయన. నేను నవ్వేసి ఊరుకున్నాను. వివరం తెలియని సైన్సు మాస్టారు అనుకున్నాను.

మొదటి పది రోజులూ ఎవరూ రాయలేదు. అప్పుడు నేనే రాశాను. బస్సు తప్పిపోయి ఆ రోజు ప్రార్థనకు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చానని, రేపటి నుంచి ముందు బస్సుకు వస్తానని. మర్నాడు ప్రార్థన దగ్గర దాన్ని నేనే చదివి వినిపించాను కూడా. పిల్లలు ముందు బిత్తరపోయారు, తర్వాత నవ్వారు. ఆ సాయంత్రం ముగ్గురు వచ్చారు. ఎనిమిదో తరగతి వాడొకడు, 'డ్రిల్లు మాస్టారి సైకిలు గాలి తీశాను, రేపు నేనే పంపు తెచ్చి కొడతాను' అని రాశాడు. మర్నాడు వాడు పంపు తెచ్చేదాకా డ్రిల్లు మాస్టారు సైకిలు పక్కనే నిలబడ్డారు. ఆ సంగతి వారం రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం.

ఏడాదిన్నరలో బడి మారింది. ఎంత మారిందో చెప్పే ఓపిక ఇప్పుడు నాకు లేదు. మధ్యాహ్నం గంట తర్వాత తరగతులు నిండుగా ఉండేవి. పరీక్షలప్పుడు కిటికీల దగ్గర జనం లేరు. బెత్తాలు మాత్రం బీరువాలోనే ఉన్నాయి, ఎందుకంటే స్టాకు రిజిస్టరులోంచి ఒక వస్తువు కొట్టివేయాలంటే పైవారి అనుమతి కావాలి. రాశాను, జవాబు రాలేదు.

ఆ పుస్తకంలో ఎక్కువగా రాసేవాళ్ళలో నాగమణి ఒకర్తె. ఊరి చివర పేటలోంచి వచ్చేది. వాళ్ళ నాన్న అప్పన్న తోటల్లో అరటిగెలలు కోసి బండికెత్తే పని చేసేవాడు. ఆ పేటలో తొమ్మిదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. పది పాసై నర్సు ట్రైనింగుకు పోవాలని ఆ పిల్ల కోరిక. అది నాకెలా తెలుసంటే, అదీ పుస్తకంలోనే రాసింది. 'నర్సునవుతానని లక్ష్మికి చెప్పి గొప్పలు పోయాను, ఇక పోను' అని. దాన్ని తప్పుగా ఎవరైనా రాస్తారా? ఆ పిల్ల రాసింది.

1980 నవంబరులో నలభై ఒకటో పేజీలో ఇలా రాసింది. 'సైన్సు గదిలో భూతద్దం అడగకుండా ఇంటికి పట్టుకెళ్ళాను. మా అమ్మ అరికాల్లో ముల్లు కనపడక తియ్యలేకపోతే దానితో చూసి తీశాను. పొద్దున్నే తెచ్చి పెట్టేశాను. ఇక అడిగి తీసుకుంటాను.' మర్నాడు ప్రార్థన దగ్గర పేరు చెప్పకుండా ఈ వాక్యాలు చదివి, తప్పు ఒప్పుకోవడమంటే ఇదీ అని అన్నాను. వెంకటరత్నం గారు అప్పటి నుంచి ఆ భూతద్దం ఆ పిల్ల అడిగినప్పుడల్లా ఇచ్చేవారు.

1981 ఫిబ్రవరిలో మైక్రోస్కోపు పోయింది. పెట్టె ఉంది, దాని మీద ఇత్తడి రేకు ఉంది, లోపల వస్తువు లేదు. గది తాళం పగల్లేదు. అలాంటప్పుడు హెడ్మాస్టరు చేయాల్సిన పనులు రూల్సులో వరసగా ఉంటాయి. స్టాకు రిజిస్టరులో నమోదు, పైఅధికారికి రిపోర్టు, ఆయన వచ్చి విచారణ, బాధ్యులెవరో తేల్చడం. తేలకపోతే తాళం ఎవరి దగ్గరుందో వారి మీద పడుతుంది. వెంకటరత్నం గారికి రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలుంది. విచారణ పెండింగులో ఉంటే పెన్షన్ కాగితాలు కదలవు.

రిపోర్టు రాస్తున్న రోజు మధ్యాహ్నం ఆయన నా గదిలోకి వచ్చి తలుపు వేశారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తాళం నేనే ఇచ్చానండి," అన్నారు. "శనివారం సాయంత్రం బుల్లిబాబు వచ్చాడు. ఇంటికి రాజమండ్రి నుంచి చుట్టాలొచ్చారు, తాతగారి పేరున్న మిషను చూపించి తెస్తానని పెదనాన్న చెప్పమన్నారండి అన్నాడు. వాళ్ళిచ్చిన వస్తువే కదా, కాదని ఎలా అంటాను? సోమవారం తాళం తెచ్చిచ్చాడు. పెట్టె తీసి చూడలేదండి నేను."

బుల్లిబాబు ప్రెసిడెంటు గారి తమ్ముడి కొడుకు. పదో తరగతి. ఒప్పుకోలు పుస్తకంలో ఏడాదిన్నరలో ఒక్క వాక్యం కూడా రాయని వాళ్ళలో వాడొకడు. బడి వస్తువుల గది తాళం విద్యార్థి చేతికివ్వడం ఉద్యోగరీత్యా పెద్ద తప్పు. అది బయటపడితే ఆయన మీద ఛార్జిషీటు తప్పదు. "మీరు రిపోర్టులో రాయకండి. పిల్లాణ్ణి నేనే మెల్లగా అడుగుతాను. నా కూతురి పెళ్ళి వైశాఖంలో ఉందండి," అన్నారు. ముప్ఫై మూడేళ్ళు సైన్సు చెప్పిన మనిషి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను సరే అన్నాను. 'తాళము భద్రముగానే యున్నది' అని రిపోర్టులో రాశాను.

ఆయన బుల్లిబాబును అడిగారు. వాడు మైక్రోస్కోపు తాను తియ్యనే లేదన్నాడు. ఆ సాయంత్రమే ప్రెసిడెంటు గారు ఆయనకు దారిలో ఎదురుపడి, పెన్షన్ కాగితాలు ఎంతవరకు వచ్చాయండి అని నవ్వుతూ కుశలం అడిగారట.

వారం తిరక్కుండా డిప్యూటీ గారు వచ్చారు. ఆ ప్రాంతపు ఉన్నత పాఠశాలలను తనిఖీ చేసే అధికారి, నాకు పైవారు. ఆఫీసు గదిలో ఆయన, పక్కన ఆయన గుమాస్తా, ఇటు ప్రెసిడెంటు గారూ కమిటీ సభ్యులు ఇద్దరూ, నేనూ, వెంకటరత్నం గారూ. స్టాకు రిజిస్టరు చూశారు, హాజరు పట్టీలు చూశారు. ఏమీ తేలలేదు. అప్పుడు ప్రెసిడెంటు గారు మెత్తగా, "ఒప్పుకోలు పుస్తకం ఒకటుందండి మాస్టారి దగ్గర. పిల్లల తప్పులన్నీ అందులోనే ఉంటాయి. అది కూడా చూస్తే బాగుంటుందేమోనండి," అన్నారు.

అది పిల్లలకూ నాకూ మధ్య ఉన్నదని, రికార్డు కాదని, చూపించనని మాటిచ్చానని చెప్పాను. నా గొంతు గట్టిగానే పలికింది. డిప్యూటీ గారు పుస్తకం ఒకసారి చూపించమన్నారు, చదవనన్నారు. ఇచ్చాను. మొదటి పేజీ తెరిచి నా వైపు తిప్పారు.

"పేజీలకు నంబర్లున్నాయి. ఇన్ని పేజీలని సర్టిఫికెట్టుంది. మీ సంతకముంది, ఆఫీసు ముద్ర ఉంది. ఇది రికార్డు కాదంటే ఏదండి రికార్డు?"

తాలూకా ఆఫీసులో నేను నేర్చుకున్నదే ఆయన నాకు అప్పజెప్పారు. ఏ రాజముద్రా లేని ఒక వంద పేజీల నోటుపుస్తకమై ఉంటే దాన్ని పొయ్యిలో వేసి, అలాంటిదేమీ లేదండి అని చెప్పే వీలుండేది. ముద్ర వేసిన రిజిస్టరును తగలబెడితే ఉద్యోగం పోతుంది. ఆయన చదవడం మొదలుపెట్టారు. సైకిలు గాలి తీసినవాడి దగ్గర చిన్నగా నవ్వారు. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగారు. 'సైన్సు గది', 'అడగకుండా', 'ఇంటికి' అన్న మాటల కింద పెన్సిలు గీత గీశారు.

నాగమణిని పిలిపించారు. ఆ పిల్ల గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం చూసి, తర్వాత నన్ను చూసింది. ఆ చూపు గురించి నేనేమీ రాయను.

డిప్యూటీ గారు కోపంగా మాట్లాడలేదు. భూతద్దం తీసినట్టే అది కూడా తీశావా, ఎక్కడ పెట్టావో చెబితే ఏమీ చెయ్యం అన్నారు. నాగమణి, "రాసిందే చేశానండి. చేస్తే రాసేదాన్నండి," అంది. రెండోసారి అడిగితే అదే మాట చెప్పింది. మూడోసారి అడిగితే పుస్తకంలో ఆ పేజీ వైపు వేలు చూపించింది. కమిటీ సభ్యుడొకాయన, "అలవాటైన చెయ్యి కదండీ," అన్నారు.

నాకు తాళం సంగతి తెలుసు. అది ఎవరి చేతికి వెళ్ళిందో, ఏ రోజు వెళ్ళిందో, ఎందుకని వెళ్ళిందో తెలుసు. వెంకటరత్నం గారు కిటికీ వైపు చూస్తున్నారు. ఆయన చెబుతారేమోనని నేను చూశాను, నేను చెబుతానేమోనని ఆయన భయపడ్డారు. ఇద్దరమూ చెప్పలేదు. నేనప్పటికే తప్పుడు రిపోర్టు మీద సంతకం పెట్టి ఉన్నాను, నోరు తెరిస్తే ఛార్జిషీటు ఆయనకొక్కరికే కాదు. దీన్ని ఇన్నేళ్ళూ స్నేహధర్మం అని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నా ఉద్యోగ భయం అది. ఆయన కూతురి పెళ్ళిని దానికి ముసుగేశాను.

విచారణలో ఏమీ రుజువు కాలేదు. అలాగే రాశారు కూడా. 'అనుమానమునకు తావున్నది' అని ఒక వాక్యం మాత్రం చేర్చారు. ఆ ఒక్క వాక్యం చాలింది. కమిటీ కూర్చుని, పోలీసుల దాకా వెళ్ళవద్దని, ఆ పిల్లను వాళ్ళ నాన్నే బడి మాన్పించి తీసుకుపోతే మంచిదని తీర్మానించింది. ఊరంతటినీ కూడగట్టి బడికి అండగా నిలబెట్టింది నేనే. ఆ అండ ఇప్పుడు ఇలా వచ్చింది. అప్పన్న ప్రెసిడెంటు గారి తోటలోనే పని చేసేవాడని వేరే చెప్పాలా?

టి.సి. ఇవ్వాలంటే తండ్రి దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పన్నకు రాయడం రాదు. నేనే రాశాను. 'నా సొంత కారణముల వలన నా కుమార్తెను మాన్పించుచున్నాను' అని గుండ్రటి అక్షరాలతో రాసి, అతని వేలిముద్ర వేయించాను. టి.సి.లో 'నడవడి' అని ఒక గడి ఉంటుంది. 'మంచిది' అనో 'తృప్తికరము' అనో రాస్తాం. 'మంచిది' అని రాస్తే కమిటీ ఊరుకోదు. చెడ్డదని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ గడిలో ఒక అడ్డగీత గీశాను. అబద్ధం రాయలేదు కదా అని తృప్తి పడ్డాను.

ఈ వృత్తిలో లేనివాళ్ళకు ఆ గీత అర్థం తెలియకపోవచ్చు. ఏ హెడ్మాస్టరైనా దాన్ని చూడగానే కాగితం మడిచి వెనక్కిచ్చేస్తాడు. చెడ్డదని రాసి ఉంటే ఏం చేసిందో అడుగుతాడు. గీత ఉంటే అడగడు కూడా. పై ఊళ్ళో బడికి పోయిన అప్పన్నకు అదే జరిగింది. సీట్లు లేవన్నారట. అతను తిరిగొచ్చి వరండాలో నియమాల బోర్డు కింద నిలబడ్డాడు.

"అయ్యా, ఆ కాయితంలో ఏదో కొట్టేశారంట కదండీ. సరిగా రాసియ్యండి బాబూ. పిల్ల అన్నం తినట్లేదండి," అన్నాడు.

ఒకసారి ఇచ్చిన టి.సి. మార్చడానికి నాకు అధికారం లేదని చెప్పాను. రూలు ప్రకారం అది నిజమే. అతను "ఆయ్, అలాగేనండి," అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్లో కాలువలు కట్టేశారు. ప్రతి వేసవిలోనూ పూడిక తియ్యడానికి ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపేస్తారు, పది రోజుల్లో కాలువ అడుగు కనిపిస్తుంది. ప్రెసిడెంటు గారి పెరట్లోంచి కాలువలోకి దిగే సొంత రేవు మెట్లున్నాయి. ఆ మెట్ల కింద, బురదలో, పూడిక తీసే కూలీలకు మైక్రోస్కోపు దొరికింది. గొట్టం వంగిపోయి ఉంది, పై అద్దం లేదు. బుల్లిబాబు కింద పడేసి పగలగొట్టి, భయపడి అందులో విసిరేసి ఉంటాడు. పదిహేనేళ్ళ కుర్రాడు భయపడటం నాకు అర్థమవుతుంది. వాడు వచ్చి పుస్తకంలో రాసి ఉంటే అంతటితో పోయేది.

దాన్ని గోనెసంచిలో చుట్టి ప్రెసిడెంటు గారే స్వయంగా తెచ్చారు. "చూశారాండి, తీసుకెళ్ళి తీసుకెళ్ళి మా రేవులో పారేసింది ఆ పిల్ల," అన్నారు. నవ్వు ముఖమే. ఆ రేవులోకి పోవాలంటే వాళ్ళ వీధి గుమ్మం, హాలు, వంటిల్లు, పెరడు దాటాలి. పేటలో పిల్ల ఆ గుమ్మం ఎక్కడానికే లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకు తెలుసు. నేను స్టాకు రిజిస్టరు తీసి, 'దొరికినది, ఉపయోగమునకు పనికిరాదు' అని రాసి తేదీ వేశాను. ఆయన వెళ్ళేటప్పుడు రెండు చక్రకేళీ అరటి హస్తాలు బల్ల మీద పెట్టించారు. అటెండరుకు ఇచ్చేశాను. నా పౌరుషం అంతవరకే.

వెంకటరత్నం గారు జూన్ నెలాఖరున రిటైరయ్యారు. పెన్షన్ ఆలస్యం కాకుండానే వచ్చింది. సన్మానం అయ్యాక బస్సు దాకా సాగనంపడానికి వెళ్ళాను. బస్సు ఎక్కబోతూ, "ఆ రోజు నేను చెప్పి ఉండాల్సిందండి," అన్నారు. "నేను కూడా," అన్నాను. మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకున్నది ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఆయన శుభలేఖలు పంపేవారు, నేను అక్షింతలు పంపేవాణ్ణి.

విచారణ జరిగిన రోజు నుంచి ఒప్పుకోలు పుస్తకంలో ఒక్క అక్షరం పడలేదు. పిల్లలు నాతో మర్యాదగానే ఉండేవారు. వేళకు వచ్చేవారు, నమస్కారం పెట్టేవారు, అడిగినదానికి తెలియదండి అనేవారు. మరుసటి ఏడాది తనిఖీకి వచ్చినప్పుడు డిప్యూటీ గారు ఆ పుస్తకం అడిగి తెప్పించుకున్నారు. ఖాళీ పేజీలు తిప్పి చూసి, రిపోర్టులో ఇలా రాశారు. 'ఈ సంవత్సరము ఒక్క తప్పిదము కూడ నమోదు కాలేదు. విద్యార్థుల క్రమశిక్షణ మిక్కిలి ప్రశంసనీయము.' ఆ వాక్యం ఆధారంగా సెప్టెంబరు అయిదున జిల్లా ఉత్తమ ఉపాధ్యాయుల్లో నా పేరు వచ్చింది. కాకినాడ వెళ్ళి, దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని వచ్చాను. పుచ్చుకోకుండా ఉండొచ్చు. పుచ్చుకున్నాను.

1984లో నాకు బదిలీ అయింది. కొత్తాయనకు ఛార్జి జాబితా నేనే రాశాను. బెంచీలు, మ్యాపులు, గడియారం, గంట, బెత్తములు నాలుగు. వాటి తర్వాత, 'విద్యార్థుల ఒప్పుకోలు పుస్తకము: ఒకటి, నూట తొంభై రెండు పేజీలు, అందు ఖాళీవి నూట పద్నాలుగు'. కొత్తాయన ఇదేమిటని అడిగారు. పిల్లలు తప్పులు రాసే పుస్తకమండి, ఇప్పుడెవరూ రాయడం లేదు అన్నాను. ఆయన బెత్తం ఒకటి తీసి వంచి చూసుకుంటున్నారు.

నాగమణి ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి రావులపాలెం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు చాలు. ఎక్కలేదు.

తర్వాత ఇంకో పదకొండేళ్ళు హెడ్మాస్టరుగా చేశాను. ఏ బడిలోనూ అలాంటి పుస్తకం పెట్టలేదు, పెట్టమని ఎవరికీ సలహా ఇవ్వలేదు. పుస్తకం తప్పని కాదు. శిక్ష ఉండదని మాటిస్తే పిల్లలు నిజం రాశారు. శిక్ష ఉంటుందని తెలిసిన పెద్దవాళ్ళం మేం రాయలేదు, మా శిక్షను తీసుకెళ్ళి నిజం రాసిన పిల్లకు వేశాం. బడిలో నియమాల బోర్డు తగిలించే ముందు హెడ్మాస్టరు తేల్చుకోవాల్సింది ఒక్కటే. వాటి కోసం తన ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడా లేదా అని. లేకపోతే బెత్తమే నయం, దాని దెబ్బ సాయంత్రానికి తగ్గిపోతుంది.

ఆ పుస్తకంలో డెబ్భై తొమ్మిదో పేజీ మొదటి ఖాళీ పేజీ. అక్కడ నేను రాయాల్సినవి రెండు వాక్యాలు. తాళం ఎవరికి వెళ్ళిందో తెలిసి చెప్పలేదు అన్నది మొదటిది. రెండోది, దాన్ని ఎలా సరిదిద్దుకుంటానో రాయాలి. అది నాకు ఇప్పటికీ తెలియదు.